పర్వతం దారిలో ఒక గుడిసె

మా బాపమ్మ భాషలో పర్వతమంటే ఒక్కటే: శ్రీశైలం. హిమాలయాలూ, వింధ్యలూ ఆమె లెక్కలోకి రావు. మాది పెద్దవంగర. మా వైపు ఉన్నవి గుట్టలే గాని పర్వతాలు కావు. అందుకేనేమో, ఆ మాటను చేజారనివ్వకుండా దూరాన ఉన్న ఒక్క కొండకే అట్టిపెట్టుకున్నారు మావాళ్ళు. "పర్వతం పోయిండు" అంటే శివరాత్రికి నడిచి వెళ్ళాడని అర్థం. మగపిల్లవాడికి పర్వతాలు అని పేరు పెట్టారంటే మల్లన్నకు మొక్కుకుంటే పుట్టాడని అర్థం.

ఈ వాడుక మా ఇంటిది మాత్రమే కాదు. మా పెద్దవంగరా పాలకుర్తీ ఇవాళ ఒకే శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఆ పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో చివరి ప్రకరణానికి పర్వత ప్రకరణమని పేరు పెట్టి ఊరుకున్నాడు. ఏ పర్వతమో విప్పి చెప్పవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. శివరాత్రికి ఆ కొండకు నడిచిపోయే జనాన్ని, వాళ్ళ పాటలను, వాళ్ళ మొక్కులను అంత తనివితీరా తెలుగులో చెప్పిన తొలి కవి మా పక్క ఊరివాడన్న గర్వం నాకు చిన్నప్పటి నుండీ ఉంది. ఆ గర్వం పక్కనే ఒక ముల్లు కూడా ఉంది. ఈ రాత దాని గురించే.

బాపమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజుల్లో, ఆమె మామగారు, అంటే మా ముత్తాత, మరి నలుగురితో కలిసి కాలినడకన పర్వతం బయలుదేరాడు. గొంగడి, సద్దిమూట, ఒక ఇత్తడి చెంబు, మొలకు వెండి మొలతాడు. దేవరకొండ, అచ్చంపేట మీదుగా పోయి ఉమామహేశ్వరంలో ఒక రాత్రి పడుకుని అమరాబాదు అడవి ఎక్కారు. ఎక్కిన మరునాడే ఆయనకు చలిజ్వరం తగిలింది. అడుగు పడలేదు. దారిలో ఒక పెంట కనిపిస్తే అక్కడ ఒక చెంచు గుడిసెలో పడుకోబెట్టి, "దర్శనం చేసుకొని మర్లొచ్చేటప్పుడు తోలుకపోతం" అని చెప్పి మిగతావాళ్ళు ముందుకు సాగారు. పది రోజులకు తిరిగి వచ్చి చూస్తే ఆయన లేడు. ఆయనే కాదు, ఆ పెంటలో ఒక్క మనిషీ లేడు. చల్లారిన పొయ్యిలు, ఖాళీ గుడిసెలు. రెండు రోజులు కేకలు వేసుకుంటూ తిరిగి, ఇంటికి వచ్చి సంగతి చెప్పారు.

(పెంట అంటే మా ఊళ్ళో చెత్తకుప్ప. అమరాబాదు అడవిలో పెంట అంటే చెంచుల పల్లె. హైదరాబాదు నుండి శ్రీశైలం బస్సులో పోయేవాళ్ళు దోమలపెంట, ఈగలపెంట అన్న పాత పేర్లు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆ పేర్లలో ఉన్న రెండో మాట ఊరు అన్న సంగతి ఎవరూ వాళ్ళకు చెప్పేవాళ్ళు కాదు.)

ఊళ్ళో రెండు తీర్పులు పుట్టాయి. మా ఇంటివాళ్ళు ఆ నలుగురూ జ్వరంతో ఉన్న మనిషిని అడవిపాలు చేశారన్నారు. ఆ నలుగురి ఇళ్ళవాళ్ళు వెండి మొలతాడు కోసం చెంచులే ఏదో చేసి ఉంటారన్నారు. మొదటి తీర్పు వల్ల రెండు తరాల పాటు మా ఇళ్ళ మధ్య పెళ్ళి పిలుపులు లేవు. తరువాత రాకపోకలు మొదలయ్యాయి గాని, ఆ రాజీకి కావలసిన వెల చెంచులు చెల్లించారు. ఎందుకంటే రెండో తీర్పు అందరికీ సౌకర్యంగా ఉంది. ఎవరూ చూడని మనుషుల మీద, ఎన్నడూ ఊళ్ళోకి రాని మనుషుల మీద నేరం మోపితే పంచాయితీ ఉండదు కదా. తిథి తెలియదు కనుక మా ఇంట్లో ఆయనకు మహాలయ అమావాస్యనాడు పెడతారు. నేను పుట్టినప్పటి నుండి చూస్తున్నాను, ప్రతి ఏడూ విస్తరి ముందు ఎవరో ఒకరు ఆ మొలతాడు ప్రస్తావన తెస్తారు.

ఇక కొంచెం దూరం పోవాలి. దారి తప్పాననుకోకండి.

ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాల మీద నడిచేవాళ్ళ కోసం గుడిసెలు ఉంటాయి. గుడిసె అన్నది వాళ్ళ మాటే. ఇప్పుడు వాటిలో చాలామట్టుకు రాతి కట్టడాలు, కొన్ని మూడంతస్తులవి కూడా, అయినా పేరు మాత్రం అదే. స్విట్జర్లాండులో పర్వతారోహకుల సంఘం, స్విస్ ఆల్పైన్ క్లబ్, 1863లో ఏర్పడింది. ఆ ఏడాదే ట్యోడి అనే శిఖరం కింద గ్రూన్‌హార్న్ దగ్గర తన మొదటి గుడిసె కట్టింది. ఇవాళ ఆ సంఘానికి నూట యాభైకి అటూ ఇటూగా ఉన్నాయి. ఇటలీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి మాంటే రోజా మీద 4,554 మీటర్ల ఎత్తున ఒకటి కట్టి తమ రాణి మార్గరీటా పేరు పెట్టారు. 1893లో రాణిగారు స్వయంగా అక్కడికి ఎక్కి వచ్చారు. లోపల వైభవమేమీ ఉండదు. పొడుగాటి చెక్క అరుగు మీద వరుసగా పరుపులు, పక్కన ఎవరు పడుకుంటారో తెలియదు. వేడి సూపు. తెల్లవారక ముందే లేచి వెళ్ళిపోయే బూట్ల చప్పుడు. కాపరి లేని చలికాలంలో కూడా చాలా గుడిసెల్లో ఒక గది తాళం వేయకుండా వదిలేస్తారు. ఎవరైనా వచ్చి పడుకోవచ్చు, డబ్బు అక్కడున్న పెట్టెలో వేసి పోవచ్చు.

ఇవన్నీ ముచ్చటైన సంగతులే గాని, నన్ను పట్టుకున్నది ఆ గుడిసెల్లో ఉండే ఒక పుస్తకం. వచ్చిన ప్రతివాడూ తన పేరు, ఎక్కడి నుండి వచ్చాడు, రేపు ఎటు పోతున్నాడు రాయాలి. మనిషి తిరిగి రాకపోతే వెతికేవాళ్ళు ముందు ఆ పుస్తకం తెరుస్తారు. ఫలానా రోజు ఫలానా గుడిసెలో ఉన్నాడు, ఫలానా కనుమ వైపు పోతానన్నాడు. అంతే, ఒక పంక్తి. మా ఇంటికి లేనిది ఆ పంక్తి.

అంతకంటే పాతదీ, అంతకంటే కఠినమైనదీ ఇంకొకటుంది. గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో, 2,469 మీటర్ల ఎత్తున, 11వ శతాబ్దంలో బెర్నార్డ్ అనే మతాచార్యుడు ఒక సత్రం పెట్టాడు. మంచులో చిక్కినవాళ్ళను వెదికే పెద్ద కుక్కల వల్ల దానికి లోకప్రసిద్ధి వచ్చింది. దాని పక్కన ఒక చిన్న రాతి కట్టడం ఉంది. దాన్ని గురించి ఎవరూ బొమ్మలు వేయరు. మంచులో చనిపోయి దొరికిన పరదేశుల శవాలను అందులో ఉంచేవారు. గడ్డకట్టిన నేలలో పూడ్చడం కష్టమనేది ఒక కారణం. రెండోది, ఎప్పటికైనా వాళ్ళ ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తే గుర్తుపట్టాలని. ఆ చలికి శవాలు త్వరగా చెడేవి కావు. ఏళ్ళ తరబడి అలా ఎదురుచూసేవి. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. కాని ఆ ఆలోచనలోని మర్యాదను కూడా కాదనలేకపోయాను.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే, ఉన్నాయి. మోటారు దారులు పడకముందు హృషీకేశం నుండి బదరీ కేదారాలకు నడిచేవాళ్ళ కోసం దారి పొడుగునా చట్టీలుండేవి. నల్లకంబళి బాబా అని పేరుపడ్డ స్వామి విశుద్ధానందుల పేరిట నడిచే సంస్థ అక్కడ ధర్మశాలలు, అన్నసత్రాలు పెట్టింది. తెలుగు నేల మీద మైదానపు దారుల్లో సత్రాలకు, చావడులకు కొదవ లేదు. రాజులు, కోమటి శెట్లు, సంతానం లేని వితంతువులు, ఎవరి శక్తికొలది వాళ్ళు కట్టించారు. మరి పర్వతానికి పోయే దారుల్లో?

అక్కడ రాజులు మెట్లు కట్టించారు. అద్దంకి, కొండవీటి రెడ్డిరాజుల్లో మొదటివాడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు వేయించాడని పేరు. పాతాళగంగకు మెట్లు వేయించిన పుణ్యం విజయనగర రాజు రెండో హరిహరరాయల రాణి విఠలాంబకు కూడా దక్కింది. గుళ్ళు కట్టారు, మండపాలు కట్టారు. కాని మెట్టు ఎక్కిస్తుందే గాని రాత్రిపూట కప్పదు. దక్షిణపు దారిలో ఆత్మకూరు దాటాక నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, ఆ పైన కైలాసద్వారం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి పోతూ ఈ దారినే శ్రీశైలం ఎక్కాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్ళకు ఆయన పద్ధతి తెలుసు. ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, బోయీలు ఎక్కడ కష్టపడ్డారు, ఎవరు ఎంత సుంకం వసూలు చేస్తున్నారు, అన్నీ రాసిపెట్టాడు. పరివారమూ, డేరాలూ వెంట ఉన్న మనిషి కనుక రాత్రి ఎక్కడ పడుకోవాలన్న బెంగ ఆయనకు లేదు. మా ముత్తాత వంటివాడికి గొంగడే డేరా.

అప్పుడు తట్టింది నాకు, మన కొండల మీద నడిచేవాళ్ళ కోసం గుడిసెలు ఎందుకు కట్టలేదో. ఆల్ప్స్ ఎత్తుల్లో ఏడాది పొడుగునా మనుషులుండరు. కట్టకపోతే నీడ లేదు. నల్లమలలో గుడిసెలు అప్పటికే ఉన్నాయి. వాటిలో మనుషులున్నారు. యాత్రికుడు తలదాచుకున్నది సత్రంలో కాదు, ఒకరి ఇంట్లో. సత్రం కట్టించినవాడి పేరు రాతి మీద ఉంటుంది. ఇల్లు ఇచ్చినవాడి పేరు ఏ శాసనంలోనూ ఎక్కదు. రెడ్డిరాజుల మెట్లకు చరిత్ర ఉంది, పెంటకు లేదు. పైగా దొంగతనం కథ ఒకటి మిగిలింది.

మా ఇంటి రెండో తీర్పు నిలవదని నాకు ఎప్పటి నుండో అనుమానం. దానికి బలమిచ్చిన పుస్తకం ఒకటి దొరికింది. క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో చిక్కుపడి, 1940లో అమరాబాదు పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. ఆ పుస్తకం 1943లో అచ్చయింది. చెంచులు ఏడాదంతా ఒకే చోట కూర్చునే మనుషులు కారని అందులో తెలుస్తుంది. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గగానే పెంట విడిచి, నీటి పట్టునా ఇప్పచెట్ల చెంతా కొన్నాళ్ళు కాపురముంటారు. వానలకు మళ్ళీ వస్తారు. శివరాత్రి వచ్చేది ఆ కాలపు గుమ్మంలోనే. అంటే, ఆ నలుగురు చూసిన ఖాళీ గుడిసెలు పారిపోయినవాళ్ళవి కాకపోవచ్చు, ఏటేటా కదిలినట్టే కదిలినవాళ్ళవి కావచ్చు. జ్వరంతో ఉన్న మనిషిని వాళ్ళు మోసుకునే పోయారో, అప్పటికే మట్టి చేశారో. కొన్ని నెలలు ఆగి, వానలు పడ్డాక ఎవరైనా మళ్ళీ వెళ్ళి అడిగి ఉంటే తెలిసేది. మా ఇంటి నుండి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణాలుంటాయి, అప్పటికి పొలం పనులు. కాని వెళ్ళనివాళ్ళు తీర్పు చెప్పకుండా ఉండవలసింది.

ఇప్పుడు అడుగుదామంటే ఆ దారే లేదు. 1981లో పూర్తయిన శ్రీశైలం ఆనకట్ట నీళ్ళలోకి పాతాళగంగ పాతమెట్లలో కింది వరుసలు పోయాయి. యాత్రికులు పుట్టి ఎక్కి కృష్ణ దాటిన రేవు ఏదో చెప్పేవాళ్ళు లేరు. 1978లో అడవి అభయారణ్యమైంది, 1983లో పులుల ప్రాజెక్టులో చేరింది. పెంటలు కొన్ని రోడ్డు పక్కకు వచ్చాయి, కొన్నింటిని అడవి బయటకు తరలించాలని మాటలు సాగుతున్నాయి. ఉత్తరపు దారి మొత్తం మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణంగా కుదించుకుపోయింది. అమరాబాదు అడవిలో నడిచే జనాన్ని చూడాలంటే చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోవాలి. "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తూ లోయలోకి దిగుతారు. అక్కడ పూజారులు చెంచులే. ఒకసారి పోయాను. తొక్కిసలాటలో అడగవలసిన ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది.

2020, 2021లలో శ్రీశైలంలో ఘంటామఠాన్ని బాగుచేస్తుంటే వెండి నాణేలు, రాగిరేకులు బయటపడ్డాయని పత్రికల్లో వచ్చింది. నవ్వుకుంటారేమో గాని, ఆ వార్త చదవగానే నా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. రాగిరేకుల మీద రాసేది దానాల సంగతి, జ్వరంతో దారిలో ఆగిపోయిన పాలేరు సంగతి కాదని నాకు తెలియదా? తెలుసు. అయినా నాలుగు రోజుల పాటు ఆ వార్తలన్నీ వెతికి చదివాను.

మన నెల్లూరు బిడ్డ మల్లి మస్తాన్‌బాబు గుర్తుకొస్తాడు. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కినవాడు. 2015 మార్చి 24 తరువాత ఆండీస్ పర్వతాల్లో, అర్జెంటీనా చిలీ సరిహద్దులో జాడ లేకుండా పోయాడు. ఎక్కడెక్కడి మిత్రులో వెతికించారు, ఏప్రిల్ మొదటి వారంలో దేహం కనిపించింది, ఆ నెలాఖరుకు సొంత ఊరు గాంధీ జనసంఘం చేరింది. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్న మా నాన్న అన్నమాట ఒకటే: "వాళ్ళకు తిథి దొరికింది."

నాన్న పోయాక, 2023 శివరాత్రికి మా బావా నేనూ దక్షిణపు దారిన నడిచాం. ఉత్తరపు దారి లేదు కనుక ఉన్న దారి. అటవీశాఖ ఆ దారిని ఇలాంటి పండుగలకే తెరుస్తుంది. శివరాత్రికి ఎక్కువగా సీమ జనం, ఉగాదికి కన్నడ జనం. వెంకటాపురంలో మొదలుపెట్టి నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని పాత రాతిమెట్లు ఎక్కుతుంటే, నాకంటే పెద్దవాళ్ళు, ఒట్టి కాళ్ళతో, నెత్తి మీద మూటలతో, నన్ను దాటిపోయారు. మెట్లు బాగా అరిగి ఉన్నాయి. ఒక్కొక్క మెట్టు మధ్యలో పాదాల గుంట. ఎండుటాకుల మీద కూడా జనం నిద్రపోతున్నారు.

పెచ్చెరువు చేరేసరికి చీకటి పడింది. చెరువు, కొన్ని చెంచు ఇళ్ళు, వాటి చుట్టూ ఆ నాలుగు రోజులకే పుట్టిన పందిళ్ళ ఊరు. అన్నదానం పందిళ్ళలో సాంబారు పొగలు, మైకుల్లో పాటలు, మందులిచ్చే బల్లలు. ఇక్కడ ఆల్ప్స్ తరహాలో శాశ్వతంగా ఒక వసతి కట్టిస్తే బాగుండునని మా పక్కన పడుకున్నాయన అన్నాడు. నాకు నచ్చలేదు. నాలుగు రోజుల జనం వదిలిపోయే ప్లాస్టిక్కునే ఆ అడవి మోయలేకపోతోంది. మిగతా మూడువందల అరవై రోజులు అది పులిదీ చెంచులదీ. కప్పు వేస్తే తాళం పడుతుంది, తాళం పడితే గుత్తేదారు వస్తాడు. పందిరి విప్పుకుపోయేది కనుకనే దానికి అక్కడ చోటుంది.

నిద్ర పట్టక లేచి చెరువు వైపు పోతే, ఒక ఇంటి ముందు నెగడు దగ్గర ఒక ముసలి చెంచు కూర్చుని ఉన్నాడు. పొగాకు నలుపుతున్నాడు. అనుమతి అడిగి కూర్చున్నాను. సలేశ్వరంలో గొంతులో ఉండిపోయిన ప్రశ్న ఇక్కడ అడిగాను. మొలతాడు సంగతి ఎత్తలేదు. పాతకాలంలో యాత్రికుడు ఎవరైనా జబ్బుచేసి నడవలేకపోతే మీవాళ్ళు ఏం చేసేవారు అన్నాను. ఆయనకు ప్రశ్న వింతగా తోచినట్టుంది.

"నడ్సలేనోణ్ణి యాడికి తోలేది సామీ? ఉంటాడు. మేం తినేది తింటాడు. లేస్తే పోతాడు."

"లేవకపోతే?"

"మట్టి."

ఎక్కడ, ఎలా అని నేను అడగలేదు. ఆయనే కొంతసేపటికి, తన చిన్నప్పుడు తండ్రి దారి పక్కన ఒకచోట రాళ్ళు చూపించి తొక్కవద్దని చెప్పేవాడని అన్నాడు. ఎవరిదని అడిగితే, ఎవరో పర్వతానికి పోయేటోడు అన్నాడట. పేరు తెలియదు. ఊరు తెలియదు. ఆ చోటు ఇప్పుడు తుప్ప కమ్మేసింది. ఇది కృష్ణకు ఇవతలి సంగతి, మా ముత్తాత పడుకున్నది అవతల. అది ఆయన రాళ్ళు కావడానికి వీలే లేదు. అయినా ఆ రాత్రి నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు. పేరు తెలియని మనిషిని తొక్కకూడదని కొడుక్కు చెప్పినవాళ్ళ మీద మేం ఎనభై ఏళ్ళుగా విస్తరి ముందు కూర్చుని ఏం మాట్లాడుతూ వచ్చామా అని.

తెల్లవారి భీముని కొలనుకు బయలుదేరే ముందు, రాత్రి అన్నం పెట్టిన పందిట్లో రసీదు పుస్తకం పెట్టుకుని ఒక కుర్రవాడు కూర్చుంటే, నూట పదహార్లు ఇచ్చి ముత్తాత పేరు చెప్పాను. ఊరి పేరు అడిగాడు. పెద్దవంగర అన్నాను. తేదీ వేసి, రెండో ప్రతి కిందికి కార్బన్ కాగితం సరిచేసుకుని నింపాదిగా రాశాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకుంటుంటే మా బావ భుజం మీదుగా చూసి అన్నాడు:

"మీ తాత ఈ తొవ్వల రాలే గద బామ్మర్దీ!"

"రాలేదు బావా" అన్నాను. అప్పటికే ఎండ ఎక్కుతోంది. కొలను దగ్గర దిగుడు మెట్లు నిటారుగా ఉంటాయని, మోకాళ్ళకు గుడ్డ కట్టుకొమ్మని వెనక నుండి ఎవరో చెబుతున్నారు.